ఇంజన్ అన్నయ్యకి, బాడీ తమ్ముడికి

మా అన్నయ్యకీ తమ్ముడికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. మా వైపు మాటల్లేకపోవడమంటే తిట్టుకోవడం కాదు, కొట్టుకోవడం అంతకన్నా కాదు. ఒకే పెళ్ళికి వెళ్తారు, ఒకే వరసలో కూర్చుని భోంచేస్తారు, ఒకరి పిల్లలకి జ్వరమొస్తే ఇంకొకరు హాస్పిటల్ చుట్టూ తిరుగుతారు. మాట్లాడుకోరు, అంతే. మరీ అవసరమైతే మధ్యలో ఎవరో ఒకళ్ళుండాలి. “ఆ పచ్చడి ఇటివ్వమను.” “అయిపోయిందని చెప్పు.” ఇద్దరి మధ్యా జానెడు దూరమే ఉంటుంది, మాట మాత్రం మూడో మనిషి దగ్గర ఆగి వెళ్ళాలి. మా ఇంట్లో ఆ మూడో మనిషిని నేను.

అన్నయ్యకి చెల్లిని, తమ్ముడికి అక్కని. గుడివాడలో లెక్కల టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి అప్పట్లో ఏదో ఒకటి చెప్పేదాన్ని, ఇప్పుడు ఆ ఓపికా లేదు. నోరు మంచిది కాదని నాకు పేరు. కావచ్చు. ఇద్దరు మొండిఘటాల మధ్య పుట్టినదాన్ని, నోరు కూడా లేకపోతే బతికేదాన్నా?

గొడవంతా నాన్న జీపు దగ్గర మొదలైంది. దివిసీమలో మా పొలం సముద్రానికి దగ్గర. వానలు పడ్డాయంటే ఆ నల్లమట్టిలో ఎడ్లబండి కూడా కూరుకుపోయేది. అందుకని నాన్న మిలిటరీ వాళ్ళ పాత జీపొకటి వేలంలో కొనుక్కొచ్చాడు. నాలుగు చక్రాలూ లాగేది. చక్రాల మట్టం బురదలో కూడా గొణుక్కుంటూ గొణుక్కుంటూ వెళ్ళిపోయేది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఒక్క తమ్ముణ్ణి తప్ప. వాడికి మీసాలు రాకముందే స్టీరింగ్ చేతికిచ్చాడు. అన్నయ్యకి ఇవ్వలేదు. అన్నయ్య అప్పటికే ముదినేపల్లిలో చేపల చెరువులు పెట్టుకుని వేరే వెళ్ళిపోయాడు, అడగనూ లేదు. “నాన్న ఒక్కసారైనా నడపరా అనలేదమ్మాయ్ నన్ను” అని ఓసారి నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నాన్న పోయిన ఎండాకాలం అన్నయ్య చెరువులో నీళ్ళు చెడిపోయాయి. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. కొత్త నీళ్ళు తోడాలంటే ఉన్న ఇంజన్ ఆ రోజే మొరాయించింది. అన్నయ్య ఏం చేశాడంటే, తనకి నడపడం రాదు కాబట్టి ట్రాక్టరుకి కట్టి నాన్న జీపుని ముదినేపల్లి లాక్కెళ్ళి, దాని ఇంజన్ ఊడబీకి, పంపుకి బిగించాడు. బిగించడానికి అడ్డొస్తున్నాయని ఇంజన్ కాళ్ళు రంపంతో కోసేశాడు. కాళ్ళంటే ఇంజన్‌ని బండి మీద నిలబెట్టే ఇనప దిమ్మలు. చేపలు బతికాయి. కబురు తెలిసి తమ్ముడు వెళ్ళి, చెరువుగట్టు మీద పాలేళ్ళందరి ముందూ, “నాన్న పోయి నెల తిరగలేదు, అప్పుడే రెండోసారి చంపావా” అన్నాడు.

“ఇవాళ్టి నుంచి నాతో మాట్లాడకు” అన్నాడు అన్నయ్య.

“మాట్లాడను” అన్నాడు వీడు. అవే ఆఖరు.

పంపకాలప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు. పొలం, ఇల్లు, గేదెలు, బిందెలు అన్నీ పంచారు. జీపు దగ్గర చిక్కొచ్చింది. ఇద్దరిలో ఎవరూ వదలరు. ఆఖరికి మాకు మావయ్య వరసైన ఒకాయన గొంతు సవరించుకుని, “ఇంజన్ ఎలాగూ పెద్దాడి దగ్గరే ఉంది, వాడికే ఉండనివ్వండి. బాడీ చిన్నాడికి” అని తీర్పు చెప్పాడు. జీపుని కోడిని కోసినట్టు పంచేశారు! “మరి స్టెప్నీ నాకా మావయ్యా?” అని అడిగాను. అందరూ నవ్వారు. అన్నయ్యా తమ్ముడూ నవ్వలేదు. తీర్పు చెప్పినాయన తీరిగ్గా కాఫీ తాగి మరీ వెళ్ళాడు.

అలా ఇంజనేమో ముదినేపల్లిలో చెరువు నీళ్ళు తోడుతూ, బాడీ ఏమో దివిసీమలో తమ్ముడి గొడ్లచావిడి పక్కన కోళ్ళకి గూడై, ఏళ్ళు గడిచిపోయాయి. నేను ఇటు వెళ్ళినప్పుడు ఇంజన్ని చూసేదాన్ని, అటు వెళ్ళినప్పుడు బాడీని చూసేదాన్ని. రెండు చోట్లా ఒళ్ళు మండేది. ఒకరోజు తమ్ముడితో అనేశాను.

“ఒరేయ్, దాన్ని తెచ్చి మా ఇంట్లో పడెయ్. నేను బాగుచేస్తాను.”

“నువ్వా? నీకేం తెలుసక్కా?”

“నీకేం తెలుసు? తెలిసినవాడివేగా కోళ్ళని పెంచుతున్నావు అందులో.”

నాకు జీపు అక్కర్లేదండీ. నడపడం కూడా రాదు. నాకు కావలసింది ఒక్కటే. ఆయన వీణ్ణి పేరు పెట్టి పిలవాలి, వీడు ఆయన్ని అన్నయ్యా అనాలి. బాడీ నా వాకిట్లో ఉంటే ఇంజన్ కోసం ఇద్దరూ నా గుమ్మం తొక్కాల్సిందే కదా అనుకున్నాను. జీపు కలిస్తే వీళ్ళూ కలుస్తారని నా పిచ్చి లెక్క.

ట్రాక్టరు ట్రక్కులో వచ్చిన బాడీని చూసి నా ప్రాణం ఉసూరుమంది. దివిసీమ గాలిలో ఉప్పు ఇనుముని ఊరికే వదలదు. చెయ్యి వేస్తే పొరలు పొరలుగా రాలిపోతోంది. డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట రేకుని తుప్పు తినేసి, కింద నేల కనిపిస్తోంది. కోళ్ళ రెట్టలు కడగడానికే ఒక ఆదివారం పోయింది. మొదట్లో నా తెలివి ఏం చెప్పను, తుప్పు మీదే రంగు కొట్టేశాను. పదిరోజులు తిరగకుండా బుడిపెలు బుడిపెలుగా లేచింది. తమ్ముడు చూసి, “అక్కా, అప్పడం వేయించావా?” అన్నాడు. మళ్ళీ మొదట్నుంచీ. ఇనప తీగల బ్రష్షు, కిరసనాయిలు గుడ్డ, గరుకు కాగితం. బడి నుంచి వచ్చి కాఫీ తాగి కూర్చుంటే దీపాలు పెట్టే వేళకి అరచేతంత మెరిసేది. రేకు అతుకులు మాత్రం వెల్డింగ్ షాపు వాళ్ళు వచ్చి వేశారు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ నేనే కొట్టాను.

చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని జీపు కింద దూరే టీచరు గుడివాడలో ఇంకొకరు లేరు కాబట్టి సందులో నేనో వింత. ఎదురింటాయన పేపరు పట్టుకుని గోడ దగ్గరికొచ్చి, “టీచరు గారూ, ఇంక స్కూలుకి దీంట్లోనే వెళ్తారాండీ?” అనేవాడు. “మిమ్మల్నీ ఎక్కించుకుంటాలెండి, తోయడానికి మనిషి కావాలి” అనేదాన్ని. ఆయన మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయేవాడు.

తమ్ముడు ఆదివారాలు అవనిగడ్డలో మొదటి బస్సెక్కి, పామర్రులో మారి, టిఫిన్ల వేళకి దిగేవాడు. బ్రేకులు, చక్రాలు, గేరుబాక్సు వాడి పని. వాడికీ ఎవరూ నేర్పలేదు, విప్పడం, చూడటం, బిగించడం, మళ్ళీ విప్పడం. గేరుబాక్సు ఎన్నిసార్లు విప్పాడో వాడికే తెలియాలి. బిగించిన ప్రతిసారీ గేరు కర్ర పట్టుకుని ఊపి, “పడుతోంది గానీ ఒక్కోసారి బయటికి రావట్లేదక్కా, లోపలెక్కడో పట్టేస్తోంది” అనేవాడు. పోనీలే, నడిస్తే సర్దుకుంటుందిలే అనుకునేవాళ్ళం.

ఇక ఇంజన్. ముదినేపల్లి వెళ్ళి అన్నయ్యని అడిగాను.

“వాడు అడగమన్నాడా?”

“లేదు. నేనే అడుగుతున్నాను.”

“వాడు అడిగితే ఇస్తానని చెప్పు.”

వచ్చి తమ్ముడికి చెప్పాను. “ఆయన ఇస్తే తీసుకుంటానని చెప్పు” అన్నాడు వీడు. మళ్ళీ ముదినేపల్లి. మళ్ళీ ఇంటికి. ఆ బస్సు కండక్టరు నన్ను చూసి, “ఏంటి మేడమ్, ముదినేపల్లిలో కూడా ఉద్యోగమాండీ?” అన్నాడు. ఒళ్ళు మండి, “ఇద్దరు ముసలి పిల్లలకి ట్యూషను” అన్నాను. చివరికి చెరువు మీదకి కరెంటు మోటారు వచ్చింది, ఇంజన్ పక్కన పడింది. అప్పుడు ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా అన్నయ్యే దాన్ని ట్రాలీలో వేసుకుని మా ఇంటికొచ్చాడు. తమ్ముడు అప్పుడు జీపు కింద ఉన్నాడు. అన్నయ్య వాడి కాళ్ళ వంక చూశాడు, నా వంక చూశాడు. “ఇదిగో, తెచ్చానని చెప్పు” అన్నాడు.

“విన్నానని చెప్పు” అన్నాయి కాళ్ళు.

దింపేసి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చొక్కా విప్పి తలుపుకి తగిలించి, బనీనుతోనే కూర్చుని ఇంజన్‌కి పట్టిన జిడ్డు తుడవడం మొదలెట్టాడు. ఆ పూట నాకు వంట మీద ధ్యాస ఉంటే ఒట్టు.

తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరూ వచ్చేవాళ్ళు. తను కోసిన ఇంజన్ కాళ్ళకి అన్నయ్యే ఇనప ముక్కలు కొలిచి అతికించుకొచ్చాడు. మధ్యలో నేను. “ఆ పానా ఇటిమ్మను.” “ఏ సైజో చెప్పమను.” నేను లోపలికెళ్తే మరీ తమాషా, గోడతో మాట్లాడేవాళ్ళు. జీపుతో మాట్లాడేవాళ్ళు. “ఈ వైరు ఇక్కడ కట్టినవాళ్ళకి తలకాయుందో లేదో” అని అన్నయ్య రేడియేటర్‌తో అంటే, “తలకాయున్నవాళ్ళు ఇంజన్ కాళ్ళు కోస్తారా” అని తమ్ముడు టైరుని అడిగేవాడు. వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. ఒకసారి భోజనాల దగ్గర చేపల పులుసు వడ్డిస్తుంటే, అన్నయ్య తన కంచంలో తలకాయ ముక్క తీసి ఉలుకూ పలుకూ లేకుండా వాడి కంచంలో వేశాడు. చిన్నప్పటి నుంచీ వాడికి తలకాయ ఇష్టం. వాడు తల వంచుకుని తిన్నాడు. ఆ రోజు నేను దేవుడి దగ్గర దీపం పెట్టి చాలాసేపు నుంచున్నాను. ఇంక ఎంతో దూరం లేదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఇంజన్ బండిలో కూర్చున్న ఆదివారం ఉదయం. చెరువు మీద పనిచేసిన రోజుల్లో సెల్ఫ్ మోటారు పాడైపోయింది కాబట్టి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చెయ్యాలి. “రోజూ తెల్లారకుండా దీన్ని లేపింది నేనే, దీని సంగతి నాకే తెలుసు” అని హ్యాండిల్ అన్నయ్య అందుకున్నాడు. తమ్ముడు సీట్లో కూర్చున్నాడు. జీపు ముందు అన్నయ్య, అన్నయ్య వెనక నాలుగడుగుల్లో మా ప్రహరీ గోడ. పక్కన నేను.

“గేరు తీసి పెట్టమను.”

“గేరు తియ్యరా.”

“తీశానని చెప్పు.”

“తీశాట్ట.”

అన్నయ్య తిప్పాడు. దగ్గింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. పొగ వదిలింది, ఆగింది. ఎదురింటాయన పేపరు మడిచి గోడ మీద మోచేతులు ఆనించాడు. అన్నయ్య మొహం చెమటతో మెరిసిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని నాన్న ఉన్నప్పుడు కూడా చూడలేదు. కాస్త ఊపిరి తీసుకుందామని హ్యాండిల్ వదిలి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఆ కాస్త సేపట్లో తమ్ముడు క్లచ్ తొక్కి గేరు వేసి చూసుకుంటున్నాడు.

లోపల్నుంచి పాలు మాడుతున్న వాసనొచ్చింది. పరిగెత్తాను. స్టవ్ ఆపుతుంటే వంటింటి కిటికీలోంచి తమ్ముడి గొంతు వినపడింది. “గేరు రావట్లేదు. పట్టేసింది. ఆగమను.”

నాకు, వంటింట్లో ఉన్నదానికి, స్పష్టంగా వినపడింది. అన్నయ్య వాడికి ఎదురుగా నుంచున్నాడు. నేను లేనని ఇద్దరికీ తెలుసు. ఆగు అనొచ్చుగా వాడు? ఆగమను అన్నాడు. వాడి నోరు అలా అలవాటు పడిపోయింది. “అన్నయ్యా” అని అరవబోయాను. నేను నోరు తెరిచేలోపే హ్యాండిల్ తిరిగిన చప్పుడు, ఇంజన్ అందుకున్న చప్పుడు, ఆ తర్వాత గోడకి ఏదో కొట్టుకున్న చప్పుడు. అంతా ఒక్క ఊపిరిలో అయిపోయింది.

ఇన్నాళ్ళూ తుప్పు గీకి, రంగులు వేసి, అతుకులు వేసిన బండి గేరులోనే స్టార్టయి ముందుకు దూకి, అన్నయ్యని నడుం దగ్గర గోడకి అదిమేసి ఆగిపోయింది. నేను బయటికొచ్చేసరికి తమ్ముడు సీట్లోంచి దూకి, ఒక్కడే జీపుని వెనక్కి తోస్తూ, “అన్నయ్యా! అన్నయ్యా!” అని అరుస్తున్నాడు. ఆ పిలుపు కోసమే కదా ఇన్నేళ్ళు నేను ఎదురుచూసింది. పాడు పిలుపు. చెవులు మూసుకోవాలనిపించింది.

ఎదురింటాయనా, సందులో మగాళ్ళూ కలిసి బండిని లాగారు. కారులో విజయవాడ తీసుకెళ్ళాం. వెనక సీట్లో అన్నయ్య తల తమ్ముడి ఒళ్ళో. దారి పొడవునా వాడు, “అన్నయ్యా, నాతో మాట్లాడు, ఒక్క మాట మాట్లాడు” అని ఏడుస్తూనే ఉన్నాడు. అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. వాడి మొహంలోకే చూస్తున్నాడు. పెదాలు కదిలాయి కూడా. మాట మాత్రం నాతోనే అన్నాడు. “ఎంత దూరం వచ్చాం అమ్మాయ్?”

హాస్పిటల్లో లోపలికి ఒక్కళ్ళనే రమ్మన్నారు. వదిన ఇంకా ముదినేపల్లి నుంచి రావాలి. “నువ్వెళ్ళరా” అన్నాను తమ్ముణ్ణి. వాడు గోడకి ఆనుకుని తల అడ్డంగా ఊపాడు. “ఆయన నిన్నే అడుగుతాడక్కా.” అందుకని నేనే వెళ్ళాను.

అన్నయ్య మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. లోపల రక్తం పోతోందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ, ఏర్పాట్లు చేస్తున్నామనీ చెప్పారు. నాకు కోపం ఆగలేదు. అలాంటప్పుడు కూడా ఆగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని అడిగేశాను.

“వాడు ఆగమన్నది వినపడలేదా నీకు?”

“వినపడింది.”

“మరి?”

“నీతో కదా అన్నాడు” అన్నాడు. తప్పించుకోవడానికి అనలేదు, పంతంగానూ అనలేదు. అది సహజమే కదా అన్నట్టు అన్నాడు. వాడి మాటలు నా నోట్లోంచి వస్తేనే మాటలని, అలా రాకపోతే గాలికి పోయే చప్పుళ్ళని, అంతగా అలవాటు చేసుకున్నాడు. నా తప్పు లేదని నాకు తెలుసు. అందుకే ఈ రోజుకీ నా కోపం ఎక్కడా దిగదు. ఎవర్ని తిట్టను? చచ్చినవాణ్ణి తిట్టనా, బతికి చచ్చినవాణ్ణి తిట్టనా?

“వాణ్ణి ఎవర్నీ ఏమీ అననివ్వకు” అన్నాడు. “పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండడు. ముందు వెళ్ళి అన్నం తినమను.”

“వాడు ఇక్కడే ఉన్నాడు అన్నయ్యా, తలుపవతల. పిలుస్తాను, నువ్వే చెప్పు.”

ఆయన నా వంక చూశాడు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, సిగ్గుపడ్డప్పటి చూపు. “నువ్వే చెప్పు” అన్నాడు.

బయటికొచ్చాను. తమ్ముడు నా మొహంలోకి చూస్తూ లేచి నుంచున్నాడు.

“ఏమన్నాడక్కా?”

“అన్నం తినమన్నాడ్రా నిన్ను.”

వాడు రెండు చేతుల్తో మొహం కప్పుకుని అక్కడే గోడ వారన కూలబడ్డాడు. అందరూ చూస్తున్నారని కూడా లేదు, వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఎవరో తొందర పెడుతున్నట్టు గబగబా అన్నాడు. “తిన్నానని చెప్పు. అన్నయ్య తినమన్నాడని వెంటనే తినేశాడని చెప్పు. వెళ్ళక్కా, చెప్పు.”

లోపలికి వెళ్ళాను. మంచం లేదు. అప్పుడే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారని నర్సు చెప్పింది. “ఒక్క మాట చెప్పాలమ్మా ఆయనకి” అన్నాను. “వచ్చాక చెబుదురుగానిలెండి” అంది.

తమ్ముడు తలుపు దగ్గరికి వచ్చి, “చెప్పావా అక్కా? విన్నాడా?” అని అడిగాడు.

విన్నాడనే చెప్పాను.